సూరమ్మ చేలో సుస్వాగతం

మంత్రిగారు వస్తున్నారంటే ఆయనకంటే ముందు మా ఊళ్ళోకి దిగేది బ్లీచింగ్ పౌడరు. రోడ్డు వారల, కాలువ గట్టు మీద, ఆయన కారు దిగే చోట, చేతులు కడుక్కునే చోట, చివరికి ఆయన కంట పడని సందుల్లో కూడా సున్నం కలిపిన బ్లీచింగ్‌తో గీతలు గీస్తారు. ఎందుకో గీసేవాడికి తెలియదు, గీయమన్నవాడికి అంతకంటే తెలియదు. తెల్లగా కనిపిస్తే శుభ్రం, ముక్కు మండితే ప్రభుత్వం పనిచేస్తున్నట్టు లెక్క. ఈ మర్యాదే ఒక ఏడాది మా సూరమ్మత్త ఎకరంన్నర చేను మీదికి వచ్చిపడింది.

సూరమ్మ మా నాన్నకి అక్క. ఆమె చేను భీమడోలు దాటాక రైలుకట్టకి అవతల ఉంది. దానికి ఎగువన ఒక ఫ్యాక్టరీ ఉండేది. తోళ్ళు పదును చేయడానికి వాడే క్రోమ్ ఉప్పు అందులో తయారయ్యేది. యజమాని మహా మర్యాదస్తుడు. క్రిస్మస్‌కి మా పేటలో ప్రతి ఇంటికీ కేకు పంపేవాడు, జనవరి ఒకటికి క్యాలెండరు పంపేవాడు, మిగిలిన ఏడాదంతా విషం పంపేవాడు. అప్పులవాళ్ళు వస్తున్నారని తెలిసిన రోజు యంత్రాలన్నీ లారీలకెక్కించుకుని వెళ్ళిపోయాడు. షెడ్డు వెనక మేడంత చెత్తమట్టి గుట్ట మాత్రం మాకు వదిలేశాడు.

వాన పడినప్పుడల్లా ఆ గుట్టలోంచి పసుపుపచ్చని నీళ్ళు ఊరి, నేరుగా అత్త చేలోకి దిగేవి. అక్కడి నుంచి మురుగుకాలువ పట్టుకుని కొల్లేటికి పోయేవి. ఆ పసుపు క్రోమియానిది. మొదటి ఏడు వరి దుబ్బు కట్టకుండానే మాడిపోయింది. రెండో ఏడు నాటిన నారు నాటినట్టే చచ్చింది. అయినా ఆమె ఆ నీళ్ళలో దిగి గట్టు వేసుకుంటూ, నీళ్ళు పక్కకి మళ్ళించుకుంటూ తిరిగింది. పాదాలకి గుండ్రంగా, లోతుగా, చీలతో పొడిచినట్టు పుళ్ళు పడ్డాయి. ఒక డాక్టరు షుగరన్నాడు. షుగరు లేదని తేలాక చెప్పులు మార్చుకోమన్నాడు. చేను పండడం మానేశాక ఆమె కొల్లేటికోట వైపు చేపల చెరువుల్లో కూలికి పోయింది. ఆ పాదాలతోనే మోకాలి లోతు నీళ్ళలో నిలబడి వల లాగేది.

చివరికి ఎవరో కోర్టుకెళ్ళారు. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు నేల శుద్ధి చేయమని కోర్టు చెప్పింది. అది 2008. గుట్టని ఎలాగూ బాగుచేయలేరు కాబట్టి దాని మీద ప్లాస్టిక్ పరిచి, బంకమట్టి కప్పి, కంచె వేయాలన్నారు. కింద ఉన్న అత్త చేనుకి మాత్రం మందు పెట్టి చూడాలి. శుద్ధి అయిందని హైదరాబాదు నుంచి వచ్చే శాస్త్రవేత్తల పరీక్షలో తేలితే చేను అత్తది. తేలకపోతే అది కూడా గుట్టతోపాటే కంచె లోపలికి పోతుంది. ఇక ఆమె బతికినన్నాళ్ళూ చేపల చెరువే.

పని ఒక హైదరాబాదు కంపెనీకి దక్కింది. ఏలూరులో ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివి ట్యూషన్లు చెప్పుకుంటున్న నాకు ఆ కంపెనీలో సైటు కెమిస్టు ఉద్యోగం దక్కింది. మా ప్రాజెక్టు మేనేజరు పేరు విశ్వతేజ. ఆయన తల మీది తెల్ల హెల్మెట్ ఇడ్లీ తినేటప్పుడు కూడా తీసేవాడు కాదు. బల్లపరుపుగా ఉన్న ఆ చేలో ఆయన నెత్తిన పడడానికి కొంగ రెట్ట తప్ప మరేమీ లేదు. ఏలూరులో అధికారుల ముందు తెర మీద బొమ్మలు వేసి, ఇది విదేశీ పరిజ్ఞానమనీ, జర్మనీలో తప్ప ఎక్కడా లేదనీ గంటసేపు చెప్పాడు. మర్నాడు ఆ విదేశీ పరిజ్ఞానం తాడేపల్లిగూడెం ఎరువుల కొట్టు నుంచి లారీలో బస్తాలు బస్తాలుగా దిగింది.

అత్త ఒక బస్తా మూతి విప్పి చూసింది. లేత ఆకుపచ్చ పలుకులు.

"ఇది అన్నభేది కదే. వరి పాలిపోతే మీ మావయ్య చల్లేవాడు" అంది.

"అదే అత్తా."

"దీనికి ఆయన నెత్తిన ఆ గిన్నె ఎందుకే?"

"ఆయన జీతం దానికే అత్తా" అన్నాను.

అన్నభేది చేసే పని చిన్నదేమీ కాదు. క్రోమియం రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పసుపుది, నీళ్ళలో కరిగి ఎక్కడికైనా పారుతుంది, పుళ్ళు చేసేదీ క్యాన్సరు తెచ్చేదీ అదే. రెండోది మట్టికి అతుక్కుని కదలకుండా కూర్చుంటుంది, దాని వల్ల పెద్ద హాని లేదు. అన్నభేదిలోని ఇనుము మొదటిదాన్ని రెండోదిగా మారుస్తుంది. అంటే విషాన్ని చేలోంచి తీసేయం, ఉన్నచోటే కూర్చోబెడతాం. మా ఆఫీసుల్లో కూర్చున్నవాళ్ళ కంటే అది చాలా నయం, కూర్చున్నాక నిజంగా ఎవరి జోలికీ రాదు.

ఏప్రిల్ నుంచి పొక్లెయిన్‌తో మట్టి తిరగేసి, అన్నభేది నీళ్ళు పోసి, ట్రాక్టరుతో కలిపి, తడి ఆరకుండా టార్పాలిన్లు కప్పాం. చేను రంగు మారుతూ వచ్చింది. పసుపు చారలు పోయి బూడిద కలిసిన ఆకుపచ్చగా అయింది. నేను గజం గజానికీ మట్టి తీసి, నీళ్ళలో కలిపి వడకట్టి, ఆ నీళ్ళలో మందు చుక్కలు వేసి చూసేదాన్ని. విషం ఉంటే ఊదారంగు వస్తుంది. అత్త చెరువు పని నుంచి వస్తూ దారిలో ఆగి "ఊదా వచ్చిందా?" అని అడిగేది. మే నెల చివరికి ఎక్కడ తీసినా ఊదా రాలేదు. అత్త గాజుగొట్టాన్ని ఎండకి ఎత్తి పట్టుకుని చాలాసేపు చూసింది.

"నీళ్ళలాగే ఉందే" అంది.

"నీళ్ళే అత్తా."

ఆమె గొట్టం నా చేతిలో పెట్టి కొంగుతో మొహం తుడుచుకుంది. నారు పోసుకోవచ్చా అని అడిగింది. హైదరాబాదు వాళ్ళు వచ్చి చూసి వెళ్ళాక పోసుకోవచ్చని చెప్పాను. అక్కడికి అంతా సవ్యంగానే ఉంది. అప్పటికి ఇంకా పాండురంగారావుగారు రంగంలోకి దిగలేదు.

శుద్ధి విభాగమని ఏలూరులో కొత్తగా ఒక ఆఫీసు తెరిచారు. దానికి ఆయన పెద్ద. ఆయన దృష్టిలో క్రోమియం అంటే స్కూటరు హ్యాండిలు మీద మెరిసేది. రెండు నెలల్లో ఒక్కసారి సైటుకి వచ్చి కారు అద్దం దించి చూసి, ఎండ ఎక్కువగా ఉందని అద్దం ఎత్తేసి వెళ్ళిపోయాడు. పని అయిపోయిందని తెలియగానే మాత్రం వారంలో నాలుగుసార్లు వచ్చాడు. శాస్త్రవేత్తలు రాకముందే మంత్రిగారి చేత చేను ప్రజలకి అంకితం చేయించాలని ఆయన నిర్ణయం.

"ముందు పరీక్ష అవ్వాలి కదండీ" అన్నాను.

"ఆ టీం ఎప్పుడు రమ్మంటే అప్పుడొస్తుందమ్మా. మంత్రిగారి డేటు మళ్ళీ దొరకదు" అన్నాడు ఆయన.

అత్త చేను అత్తకి కాక ప్రజలకి ఎందుకు అంకితం చేయాలో ఎవరూ అడగలేదు. విశ్వతేజ ఆ సాయంత్రమే కొత్త హెల్మెట్ తెప్పించుకున్నాడు.

సభ రోజు ఉదయం నేను వెళ్ళేసరికి చేను చుట్టూ తెల్లగా గీతలు గీసి ఉన్నాయి. పంచాయతీలో పనిచేసే కృపావరం, మా పేటవాడే, బకెట్టులోంచి గుప్పిళ్ళతో బ్లీచింగ్ పోస్తూ చేను నడిబొడ్డున 'సుస్వాగతం' అని రాస్తున్నాడు. ఒక్కో అక్షరం నులకమంచమంత ఉంది. వేదిక మీద నుంచి మంత్రిగారికి కనిపించాలట. మిగిలిన చేలో కూడా దోమల కోసమని పలచగా చల్లేశాడు. వెనకే ట్యాంకరు దుమ్ము లేవకుండా నీళ్ళు చిలకరిస్తోంది.

బ్లీచింగ్ పౌడరు అన్నభేదికి సరిగ్గా వ్యతిరేకం. అన్నభేది కూర్చోబెట్టినదాన్ని అది పట్టుకుని లేపుతుంది. అందులో సున్నం, పైగా తడి. పాండురంగారావుగారి దగ్గరికి పరిగెత్తాను. ఆయన షామియానా కింద కుర్చీలకి తువ్వాళ్ళు కప్పిస్తున్నాడు.

"సార్, ఆ బ్లీచింగ్ ఆపించండి. చేసిన పనంతా పోతుందండీ. మళ్ళీ పసుపు తేలుతుంది."

"ఏవమ్మా, మంత్రిగారొచ్చే చోట బ్లీచింగ్ లేకపోతే బావుంటుందా? చూసినవాళ్ళు ఏమనుకుంటారు?"

"ఇది మురుగ్గుంట కాదండీ. శుద్ధి చేసిన నేల."

"శుద్ధి చేసిన నేలకి ఇంకాస్త శుద్ధి. మంచిదే కదమ్మా" అని తువ్వాలు మడత సరిచేసుకున్నాడు.

విశ్వతేజకి ఈ సంగతి తెలుసు. ఇంజనీరింగు చదివినవాడు, తెలియకుండా ఎలా ఉంటుంది. తెలిసి కూడా హెల్మెట్ బెల్టు సవరించుకుంటూ, "పైపైనే కదండీ నిస్సీ గారూ, ఈ ఒక్క పూటకి వదిలేయండి" అన్నాడు. తెలియనివాడి మీద నాకు జాలైనా కలుగుతుంది. ఇతన్ని చూస్తే అది కూడా కలగలేదు.

అత్త కూడా వచ్చి చేతులు కట్టుకుని నిలబడింది. "బాబుగారూ, మా అమ్మాయి చదువుకుందండీ. వద్దంటోంది కదండీ. ఆ బకెట్టు కాస్త అవతల పెట్టించండి బాబూ" అంది.

"మామ్మగారూ, మీకివాళ శాలువా కప్పుతున్నాం. మంచి చీర ఉంటే కట్టుకు రండి" అన్నాడు పాండురంగారావుగారు.

మంత్రిగారు మధ్యాహ్నానికి వచ్చారు. కారు దగ్గర నుంచి చేను దాకా ఏలూరు తివాచీలు పరిచారు. ఆయన తివాచీ మీద నడిచి వచ్చి, తివాచీ మీద నిలబడి, ఈ నేల కన్నతల్లి ఒడిలాంటిదని చెప్పారు. ఆ ఒడిలో మాత్రం కాలు పెట్టలేదు. వరినాట్లు వేస్తున్నట్టు ఫోటో కావాలంటే ఒక ప్లాస్టిక్ టబ్బులో బురద కలిపి తెచ్చారు. ఆ బురద కూడా పక్క ఊరిది. పాస్టరుగారు ప్రార్థన చేశారు, పూజారిగారు కొబ్బరికాయ కొట్టారు, ఎవరికీ లోటు రాలేదు. అత్తకి శాలువా కప్పారు. మా పేటవాళ్ళూ తక్కువ తినలేదు, బిర్యానీ పొట్లాలు చేతిలో పట్టుకునే చప్పట్లు కొట్టారు. ఆ చేలో విషం పారినన్నాళ్ళూ ఆమె వైపు తొంగి చూడనివాళ్ళంతా ఆ రోజు ఆమె పక్కన నిలబడి ఫోటో దిగారు.

సాయంత్రం గాలివాన వచ్చి షామియానాని ఎత్తి పడేసింది. రాత్రంతా సన్నగా కురిసింది. మర్నాడు పొద్దున అత్త నన్ను రమ్మని కబురు పంపింది.

నేను వెళ్ళేసరికి ఆమె గట్టు మీద కూర్చుని ఉంది. చేను మధ్యలో 'సుస్వాగతం' ఉంది. ఇప్పుడది తెల్లగా లేదు. అక్షరం తప్పు పోకుండా, కొమ్ముతో, దీర్ఘంతో సహా, పసుపుపచ్చగా తేలింది. చుట్టూ గీసిన గీతలు పసుపు అంచులయ్యాయి. అక్షరాల మధ్య గుంటల్లో నిలిచిన నీళ్ళు కూడా పసుపే. ఎన్నో ఏళ్ళుగా ఆమె చూసిన పసుపు, ఈసారి చక్కని చేతిరాతలో వచ్చింది.

"ఊదా వస్తుందా?" అంది అత్త.

మట్టి తీసి చూపించాను. మందు చుక్క పడగానే ఊదారంగు చిక్కగా వచ్చింది. అత్త చెప్పులు విడిచి పాదాలు చూసుకుంది. కొద్ది రోజులుగా చెరువు పనికి పోకపోవడంతో పుళ్ళు మానడం మొదలైంది. నాకు ఏడుపు, కోపం రెండూ ఒక్కసారే వచ్చాయి. కోపమే గెలిచింది, ఏలూరు బస్సెక్కాను.

పాండురంగారావుగారి బల్ల మీద ఆ రోజు పేపరుంది. మంత్రిగారు టబ్బులో నాట్లు వేస్తున్న ఫోటో మొదటి పేజీలో వచ్చింది. ఆయన పక్కన పాండురంగారావుగారి సగం మొహం పడింది. ఆ సగం మొహం చుట్టూ ఎర్ర పెన్నుతో గుండ్రంగా గీసి పెట్టుకున్నాడు. నేను తెచ్చిన ఊదా గొట్టం ఆ పేపరు పక్కనే పెట్టాను.

"పూజలో పసుపు వాడారు కదమ్మా, అది కరిగుంటుంది" అన్నాడు.

"కొబ్బరికాయ ఒక్కటే కొట్టారండీ. పసుపు ఎవరూ చల్లలేదు. ఇది క్రోమియం. మీరు చల్లించిన బ్లీచింగ్ వల్లే వచ్చింది. అయినా మించిపోయింది లేదు సార్. గోడౌన్లో అన్నభేది బస్తాలు ఇంకా ఉన్నాయి. ఇంకోసారి చల్లి కలిపితే మళ్ళీ కూర్చుంటుంది."

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. చిన్నపిల్లకి చెప్పినట్టు ఓపిగ్గా చెప్పాడు. "అదెలా కుదురుతుందమ్మా? ఈ నేల బాగైపోయిందని మంత్రిగారు నలుగురిలో చెప్పారు. పేపర్లో కూడా వచ్చింది. ఇప్పుడు మనం మళ్ళీ బాగుచేస్తే, ఆయన అబద్ధం చెప్పినట్టవదూ?"

"మరి టీం వచ్చి చూస్తే తెలిసిపోతుంది కదండీ."

"అప్పుడు ఫెయిలైందని వాళ్ళంటారు. వాళ్ళన్నది వాళ్ళది. మనం మాత్రం మంత్రిగారి మాట దాటలేదు కదా."

"చేను పోతుందండీ. మా అత్తకి అదొక్కటే ఉందండీ."

"పాపం. శాలువా కప్పాం కదమ్మా" అన్నాడు. నిజంగానే పాపమనిపించినట్టు మొహం పెట్టాడు. ఆ మొహం మీద ఆ గొట్టంలో నీళ్ళు కొట్టాలనిపించింది. విషపు నీళ్ళు వృథా చేయడం ఇష్టంలేక ఊరుకున్నాను.

విశ్వతేజని అడిగాను. శుద్ధి విభాగం లిఖితపూర్వకంగా చెబితే తప్ప బస్తా మూతి కూడా విప్పలేనన్నాడు. ఆయన బిల్లులు పాండురంగారావుగారి చేతిలో ఉన్నాయి. సంగతంతా పేపరుకి చెబుదామని ఏలూరులో విలేకరి దగ్గరికి వెళ్ళాను. ముందురోజు ఆ పసందైన వార్త రాసింది ఆయనే. రెండు రోజుల్లో నేల మళ్ళీ పాడైందంటే తన పరువు పోతుందన్నాడు. మంత్రిగారి మాట, అధికారి మాట, విలేకరి పరువు, వీటన్నిటి కింద అత్త చేను నలిగిపోయింది. నేను చెప్పిన కెమిస్ట్రీ అందరూ శ్రద్ధగా విన్నారు, టీ కూడా ఇప్పించారు.

అత్త మళ్ళీ చేపల చెరువుకి పోవడం మొదలుపెట్టింది. పుళ్ళకి గుడ్డ చుట్టుకుని తెల్లారకుండానే ఆటో ఎక్కేది. నన్ను ఒక్క మాటా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ వారంలోనే, హైదరాబాదు టీం వచ్చే గురువారం వస్తున్నట్టు కబురొచ్చింది. మంగళవారం పొద్దున నేను సైటులో సామాను సర్దుకుంటుంటే పాండురంగారావుగారి కారు వచ్చి ఆగింది. వెనక ట్రాక్టరు మీద కృపావరం, అతని వెనక బ్లీచింగ్ బస్తాలు. పోయినసారి కంటే ఎక్కువే ఉన్నాయి.

"శాస్త్రవేత్తలమ్మా, పెద్దవాళ్ళు. చెరిగిపోయిన గీతలన్నీ మళ్ళీ గీయించాలి. ఆ పసుపు కూడా కనపడకుండా పైన దట్టంగా కప్పించేస్తాను" అన్నాడు. ఆయన మొహం వెలిగిపోతోంది. తన తెలివికి తనే ముచ్చటపడుతున్నాడు.

నేను మళ్ళీ చెప్పడానికి నోరు తెరిచాను. బ్లీచింగ్, ఇనుము, తడి, సున్నం, అన్నీ వరసగా గొంతు దాకా వచ్చాయి. ఆ మొహం చూశాక అవి అక్కడే ఆగిపోయాయి. ఈ మనిషికి ఏం చెప్పినా లోపలికి వెళ్ళదు, కింద నుంచి వచ్చే మాటకి ఆయన చెవుల్లో దారి లేదు. అప్పుడు నా నోటి వెంట ఇంకో మాట వచ్చింది.

"సార్, పై నుంచి ఫోనొచ్చిందండీ."

పాండురంగారావుగారు కారు బానెట్‌కి ఆనుకున్నవాడు నిటారుగా అయ్యాడు. "ఎప్పుడమ్మా? ఏమన్నారమ్మా?" అన్నాడు. ఎవరు చేశారని అడగలేదు. పై నుంచి అన్నాక పేరు అడగడం ఆయన సర్వీసులో నేర్చుకోలేదు.

"వచ్చే టీంకి బ్లీచింగ్ వాసన పడదన్నారండీ. దాని బదులు అన్నభేది చల్లమన్నారు. చేను మొత్తానికి."

"చల్లిద్దాం. ఎంత చల్లమన్నారు?"

నాకు కావలసినంత చెప్పాను.

"రెట్టింపు చల్లిస్తానమ్మా."

"వద్దు సార్. ఎక్కువ వేయొద్దని కూడా పై నుంచే అన్నారు. నీళ్ళు పెట్టి దమ్ము చేయమన్నారండీ, నాట్లకి చేసినట్టు. మట్టి అడుగు దాకా కలవాలన్నారు."

దమ్ము అనగానే ఆయనకి ఉత్సాహం వచ్చింది. ఎంతైనా వరి పండించే ఇంటిలోంచి వచ్చినవాడు. బ్లీచింగ్ బస్తాలు వెనక్కి పంపించి, అదే ట్రాక్టరుకి ఇనుప దమ్ముచక్రాలు తగిలించమన్నాడు. వానలకి నేల అప్పటికే మెత్తగా ఉంది. మురుగుకాలువ మీద డీజిల్ ఇంజను పెట్టించి, చాలదని ఫైరింజను కూడా తెప్పించాడు. గోడౌను తాళం చెవి కనబడకపోతే తాళం పగలగొట్టించాడు. నేను వారం రోజులు కాళ్ళావేళ్ళా పడినా కదలని పని మధ్యాహ్నం భోజనాల లోపే సగం అయిపోయింది. మంత్రిగారి 'సుస్వాగతం' దమ్ముచక్రాల కింద బురదలో కలిసింది. ఆయన గట్టు మీద గొడుగు కింద నిలబడి, ఆ మూల కలవలేదు, ఈ మూల కలవలేదని ట్రాక్టరు డ్రైవరుని తిడుతున్నాడు.

విశ్వతేజ మెల్లగా నా పక్కకి వచ్చాడు. "నిస్సీ గారూ, ఆ ఫోను ఎవరు చేశారండీ? నా రిపోర్టులో రాసుకోవాలి" అన్నాడు.

"పైవాళ్ళు ఫోన్లో చెప్పింది మీరు కాగితం మీద పెడతారా?" అన్నాను.

ఆయన చుట్టూ చూసి, పెన్ను జేబులో పెట్టుకుని, హెల్మెట్ సరిచేసుకుని వెళ్ళిపోయాడు. నా అబద్ధం ఆయనకి అర్థమైందని నాకు తెలుసు. నిజం విన్నప్పుడు కదలని మనిషి అబద్ధం విన్నప్పుడూ కదలలేదు, ఆ ఒక్క విషయంలో ఆయన్ని మెచ్చుకోవాలి.

బుధవారమంతా నేను ఆ బురదలోనే తిరిగాను. గట్ల వారల, మూలల్లో, అక్షరాలున్న చోట మరీ లోతుగా, మట్టి తీసి చూశాను. ఒకచోట లేత ఊదా వస్తే అక్కడ ఇంకో గంప అన్నభేది వేయించి తొక్కించాను. సాయంత్రానికి ఏ గొట్టంలోనూ రంగు రాలేదు. గురువారం టీం వచ్చింది. ముగ్గురే, బూట్లు విప్పి ప్యాంట్లు మడుచుకుని బురదలో దిగారు. పాండురంగారావుగారు తెప్పించిన పూలదండలు ఎక్కడ వేయాలో తెలియక కారులోనే పెట్టుకున్నాడు. వాళ్ళు మట్టి పొట్లాలు కట్టుకుని, దమ్ము చేసి కలపడం మంచి ఆలోచన అన్నారు. పాండురంగారావుగారు వినయంగా తల వంచి, అంతా తమ దయేనండీ అన్నాడు. వాళ్ళు ఒకళ్ళ మొహాలు ఒకళ్ళు చూసుకున్నారు.

జూన్ చివరి వారంలో ఫలితం వచ్చింది. చేను శుద్ధి అయింది. గుట్ట చుట్టూ వేసిన కంచె అత్త గట్టుకి అవతలే ఆగిపోయింది. పాండురంగారావుగారికి జిల్లాలో ఉత్తమ అధికారి అని మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. అప్పుడు కూడా ఆయన తనకి ఫోను చేసిన మహానుభావుడెవరో తెలిస్తే ఇంటికెళ్ళి దణ్ణం పెట్టుకుంటానని నాతో అన్నాడు. పేరు చెప్పడం వాళ్ళకిష్టం ఉండదని చెప్పాను.

కాలువ వదిలిన రోజు అత్త చేపల చెరువుకి వెళ్ళలేదు. బోదెకాలువ మూతికి అడ్డంగా ఉన్న మట్టిగడ్డని పారతో పక్కకి లాగింది. గోదావరి నీళ్ళు ఎర్రగా, నురుగుతో చేలోకి దిగాయి. ఆమె గుడ్డ కట్లు విప్పేసిన పాదాలతో ఆ నీళ్ళలో నిలబడింది. తర్వాత నా వైపు తిరిగింది.

"ఇంతకీ ఆ ఫోను ఎవరు చేశారే?"

నాకు భయం వేసింది. మా పేటలో సండేస్కూలు చెప్పేది ఈవిడే. అబద్ధమాడినవాళ్ళ గతి ఏమవుతుందో చిన్నప్పుడు ఈమె నోటి వెంటే విన్నాను.

"ఎవరూ చేయలేదత్తా. నేనే అన్నాను" అన్నాను.

అత్త పార గట్టు మీద గుచ్చి, నడుం మీద చెయ్యి పెట్టుకుని నన్ను పైనుంచి కిందికి చూసింది.

"ఆ ముక్కేదో సభ రోజు పొద్దున్నే అనుండాల్సింది కదే. ఊరికే వాళ్ళకి నిజం చెప్పి నా చేను తగలేశావు" అంది.